శశికళ కట్టిన కుచ్చులు

చేప పేరెత్తితే ఆమడ దూరం పారిపోయే ఇంట్లో పుట్టినదాన్ని నేను. పేరు ఆండాళ్, ఇంక వేరే చెప్పాలా? అలాంటి నేను, టెక్సస్‌లో మార్చి నెలలో బాస్ అనే చేప ఏ రంగుకి నోరు తెరుస్తుందో, ఏ రేకు చప్పుడుకి వెంటపడుతుందో ఇవాళ్టికీ గడగడా అప్పజెప్పగలను. ఇదంతా నాకు ఎక్కించింది శశికళ. ఎక్కించమని నేనడగలేదు. రోజూ ఫోన్ చేసి చెవిలో పోసేది, నేను పప్పులో తిరగమోత పెట్టుకుంటూ వినేదాన్ని.

మొన్న మా డాలస్ తెలుగువాళ్ళు తెచ్చే ఉగాది సంచికలో, ఊరు వదిలి వెళ్ళిన పాతమిత్రుల్ని తలుచుకుంటూ శశికళ భర్త జగన్మోహన్‌గారి ఫోటో వేశారు. చేతిలో పెద్ద చేప, మొహం చేటంత. కింద "చేపల వేటలో మనవాడి ప్రతిభ" అని రాశారు. పక్కన నిలబడ్డ ఆడమనిషి మొహం సగం తెగిపోయింది. ఆ ఫోటో తీసింది నేనే. తెగ్గొట్టింది మాత్రం నేను కాదు. చూడగానే ఒళ్ళు మండిపోయింది. సంపాదకులకి ఫోన్ చేసి చెడామడా తిడదామనుకున్నాను గానీ, వాళ్ళ తప్పేముంది, వాళ్ళకి తెలిసింది వాళ్ళు రాశారు. నాకు తెలిసింది నేను రాస్తున్నాను.

మేము ప్లేనోలో ఇల్లు కొనుక్కున్నది డెబ్బై ఎనిమిదిలో. మా వీధి దాటితే పత్తిచేలే అప్పట్లో. కొత్తిమీర కట్ట కావాలన్నా కారేసుకుని డాలస్ దాకా పోవాలి. తెలుగు కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మాకు రెండు వీధుల అవతల శశికళ వాళ్ళు. జగన్మోహన్‌గారు భూమిలో చమురు ఎక్కడుందో యంత్రాలతో కనిపెట్టే కంపెనీలో ఇంజనీరు. ఒక్కతే కూతురు, ఉష. శశికళ సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట బహు తక్కువ. నేను వంద మాట్లాడితే ఆవిడ ఒకటి, అదీ తలూపడమే.

మరుసటి ఏప్రిల్‌లో అందరం కలిసి లేక్ లవాన్‌కి పిక్నిక్ వెళ్ళాం. ప్లేనోకి తూర్పున, పట్టుమని అరగంట డ్రైవ్ లేదు. పులిహోరలూ పెరుగన్నాలూ విప్పుతుంటే శశికళ కనపడలేదు. వెతికితే ఒడ్డున నిలబడి ఉంది. కాస్త దూరంలో ఒక ముసలాయన కర్రతో గాలం విసురుతున్నాడు.

"ఏంటే, ఎప్పుడూ నీళ్ళు చూడనట్టు గుడ్లప్పగించి నిలబడ్డావు?" అన్నాను.

"నీళ్ళు కాదు. ఆయన చెయ్యి చూడు" అంది.

చూశాను. చెయ్యే, ఏముంది అందులో? అంతలో ఆ కర్ర వంగింది, ఆయన మోచెయ్యి ఒక్కసారి ముందుకి గుంజుకుపోయింది. శశికళ చెయ్యి కూడా ఇక్కడ బిగుసుకుంది, కర్ర తన చేతిలోనే ఉన్నట్టు.

అప్పుడు చెప్పింది. వాళ్ళది కడియపులంక, పూలతోటల ఊరు. ఇంటి వెనక కాలవ. అన్నదమ్ములు ముగ్గురూ గట్టు మీద గాలాలేసుకుని కూర్చునేవారట. "ఎర్రలు తవ్వేది నేను. ముల్లుకి గుచ్చేది నేను. గాలం మాత్రం నా చేతికిచ్చేవారు కాదు. ఆడపిల్లవి, చేప లాగితే కాలవలో పడతావనేవారు." మళ్ళీ తనే, "తినడానికి కాదు ఆండాళ్. పులుసు ఎలాగూ వండుతూనే ఉంటాను. చేప లాగితే చేతికి ఎలా తెలుస్తుందో, అది కావాలి నాకు. ఒక్కసారి చాలు" అంది.

ఆవిడ నోట అంత పొడుగు మాట అప్పటిదాకా వినలేదు నేను. "ఓస్, ఇంతేనా? మీ ఆయన్నడుగు, తీసుకెళ్తారు" అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో, తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

శశికళ అడిగింది కూడా. ఆయన నవ్వి, "దానిదేముంది శశీ, వచ్చే స్ప్రింగ్‌లో వెళ్దాం, తప్పకుండా" అన్నారట.

వాళ్ళ వెనక వీధిలో డాటీ అని అరవై దాటిన ఆవిడ ఉండేది. భర్త పోయాక పడవ అమ్మేసి, గరాజ్‌లో చేపల ఎరలు తయారుచేసి షాపులకి వేసుకుంటూ బతికేది. ఎరలంటే ప్రాణమున్నవి కావు. స్పిన్నర్‌బెయిట్ అంటారు. తెరిచిన పిన్నీసులా వంచిన తీగ అనుకోండి. కింది కొసకి సీసపు తల, తలలోంచి ముల్లు, ముల్లు చుట్టూ సన్నటి రబ్బరు పోగుల కుచ్చు. పై కొసకి గిరగిరా తిరిగే లోహపు రేకు. నీళ్ళలో లాగుతుంటే రేకు తిరుగుతూ మెరుస్తుంది, కుచ్చు విచ్చుకుంటూ ముడుచుకుంటుంది. చేపకి అదేదో చిన్న చేపలా తోచి మింగబోతుంది. మొదటిసారి నాకు చూపించినప్పుడు, "జడకుచ్చులా ఉందే, పెట్టుకోనా?" అన్నాను. "ముల్లు గుచ్చుకుంటుంది" అంది శశికళ, నవ్వకుండా.

డాటీ ఆ కుచ్చుకి చిన్న రబ్బరు పట్టీ తొడిగేది. మన టెక్సస్ ఎండలకి ఆ పట్టీ రెండు నెలల్లో పుచ్చిపోయి కుచ్చు జారిపోయేది. ఉషని స్కూల్లో దింపి వస్తూ శశికళ రోజూ ఆ గరాజ్ ముందు ఆగి చూసేదిట. ఒకనాడు ఉండబట్టలేక లోపలికి వెళ్ళి, దారముందా అని అడిగి, మల్లెపూలు కట్టినట్టు ఆ పోగుల్ని కట్టేసింది. ఇటు నాలుగు, అటు నాలుగు, దారం వేలికి మెలేసి ఒక్క లాగు. డాటీ పట్టుకు లాగింది, రాలేదు. పటకారుతో లాగింది, రాలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావు హనీ ఇది?" అందిట.

"తల్లో పూలు పెట్టుకోవడానికి" అని చెప్పిందిట ఈవిడ. డాటీకి ఎంత అర్థమైందో తెలీదు గానీ, మర్నాడే పనిలోకి రమ్మంది.

జగన్మోహన్‌గారు వద్దనలేదు. మనిషి చెడ్డవాడు కాదు, అది ముందే చెప్పాలి. కాకపోతే ఒక షరతు పెట్టారు. "ఇంజనీర్ వైఫ్ గరాజ్‌లో గాలాలు కడుతోందని మనవాళ్ళకి తెలిస్తే బావుండదు శశీ. ఎవరన్నా అడిగితే ఆర్ట్ క్లాస్ అని చెప్పు." ఆ ఆర్ట్ క్లాస్ కథ నేనూ ఏడాది పాటు నమ్మాను. ఒకరోజు, తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఆవిడ స్వెట్టర్‌కి చిలకపచ్చ రబ్బరు పోగొకటి అంటుకుని ఉంది. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళాను.

"ఏంటిది?"

"ఆర్ట్ క్లాస్."

"ఒసేయ్, నా దగ్గరా?"

అంతే, కట్ట తెగింది. ఆ రోజు మొదలు రోజూ ఫోన్. లోకంలో దేని గురించీ నోరు విప్పని మనిషి, రేకుల గురించీ రంగుల గురించీ మొదలెడితే నేను పొయ్యి మీద గిన్నె మాడుతోందని అబద్ధమాడి పెట్టేయాల్సి వచ్చేది.

ఆవిడ గాలం పట్టకుండానే చేప సంగతులు నేర్చుకుంది. ఎలాగంటారా? గరాజ్‌కి వచ్చేవాళ్ళు పాత ఎరలు బాగుచెయ్యమని తెచ్చిచ్చేవారు. శశికళ వాటిని కిటికీ దగ్గర పెట్టుకుని చూసేది. సీసపు తల మీద రంగు ఒక పక్కనే గీసుకుపోతే, ఆ ఎర నీళ్ళలో మునిగిన మొద్దులకి రాసుకుంటూ వెళ్ళిందన్నమాట. కుచ్చు కొసలు మాత్రమే తెగితే చేప వెనకనుంచి అందుకుందిగానీ నోటినిండా పట్టలేదన్నమాట, అలాంటప్పుడు వెనకాల ఇంకో ముల్లు తగిలించాలి. తెచ్చినవాణ్ణి ఎక్కడ వేశావు, నీళ్ళు ఏ రంగు, గాలి ఎటునుంచి అని అడిగేది. వాళ్ళు మొదట నవ్వారు. తర్వాత వాళ్ళే డాటీని దాటుకుని ఈవిడ బల్ల దగ్గరికి వచ్చి, శనివారానికి ఏం పెట్టమంటావని అడగడం మొదలెట్టారు.

నాకు కంఠతా వచ్చేసిన పాఠం ఇది. ఇళ్ళ ముందు రెడ్‌బడ్ చెట్లు ఊదారంగు పూలు పూశాయంటే చేపలు గుడ్లు పెట్టడానికి లోతులోంచి ఒడ్డుకి వస్తున్నాయని గుర్తు. వాన పడి నీళ్ళు బురదైతే గుండ్రటి పెద్ద రేకు పెట్టాలి. అది నీళ్ళని దబదబా కొడుతుంది, కళ్ళకి కనపడకపోయినా చేప ఒంటికి తెలుస్తుంది. కుచ్చు చిలకపచ్చకీ నిమ్మపండుకీ మధ్య రంగు, అందులో నాలుగు తెల్ల పోగులు. నీళ్ళు తేటగా ఉంటే ఆకులాంటి సన్న రేకు, తెల్ల కుచ్చు, కాస్త జోరుగా లాగాలి. నీళ్ళింకా చల్లగా ఉన్నప్పుడు చేపకి బద్ధకం, కాబట్టి నిదానం. ఎర మొద్దుకి తగలాలి, తగలగానే క్షణం ఆపాలి, అది కిందికి వాలుతుంది, అప్పుడే పడుతుంది దెబ్బ.

"మొద్దుకి చిక్కుకోదూ?" అన్నాను ఒకసారి.

"ఆ తీగ అడ్డుగా ఉంటుందిగా, చిక్కుకోదు. తప్పించి వెయ్యడం కాదే, తగిలేట్టు వెయ్యాలి" అంది.

"నువ్వు వేసి చూశావా?"

"లేదు."

ఎనభై ఒకటి వసంతంలో జగన్మోహన్‌గారి మేనేజర్ ఆయన్ని తన పడవలో చేపలకి రమ్మన్నాడు. ఈయనకి గాలం ఏ వైపు పట్టుకోవాలో తెలీదు. ముందురోజు శశికళ ఒక డబ్బాలో ఆరు ఎరలు సర్ది, ఏది ఎప్పుడు కట్టాలో కాగితం మీద రాసిచ్చింది. ఆయన కాగితం చూసి వేశారు, నాలుగు పట్టారు. మేనేజర్ ఒక్కటీ పట్టలేదు. ఇంక చెప్పేదేముంది, ప్రతి శనివారం పిలుపే. ఎనభై మూడులో వాళ్ళ ఆఫీసు పోటీలో కప్పు కూడా వచ్చింది. కప్పు టీవీ మీద పెట్టారు. దాన్ని తుడిచేది శశికళ.

ఆ ఏడు ఉగాదికి వాళ్ళింట్లోనే భోజనాలు. మగవాళ్ళంతా సోఫాల్లో కూర్చుంటే జగన్మోహన్‌గారు కప్పు చేత్తో పట్టుకుని లెక్చర్. "చూడండీ, మడ్డీ వాటర్‌లో చేప చూడదు, ఫీల్ అవుతుంది. అందుకని రౌండ్ బ్లేడ్. తప్పించి వెయ్యకూడదు, తగిలేట్టు వెయ్యాలి." అక్షరం పొల్లుపోకుండా శశికళ మాటలే! శశికళ బొబ్బట్లు వడ్డిస్తోంది, తలెత్తలేదు. నా నోరు ఊరుకోదు కదా.

"జగన్మోహన్‌గారూ, ఇవన్నీ మీకెవరు చెప్పారండీ?" అన్నాను, అందరికీ వినపడేలా.

"ఎక్స్‌పీరియన్స్ అండీ ఆండాళ్‌గారూ!" అన్నారు హాయిగా నవ్వుతూ. వెక్కిరింపు ఏ కోశానా లేదు, నిజంగానే అలా అనుకుంటున్నారు. మా ఆయన నా కాలు తొక్కారు. తొక్కకపోతే ఆ బొబ్బట్లు జగన్మోహన్‌గారి నెత్తిన వేసి ఉండేదాన్ని.

చేతులు కడుక్కునే దగ్గర శశికళని పట్టుకున్నాను. "నీకు పౌరుషం లేదటే?"

"కప్పు కోసం కాదుగా నేను రాసిచ్చేది."

"మరి?"

"ఆయన వచ్చి చెప్తారు కదా. ఎలా లాగింది, ఎటు లాగింది. అది వినొచ్చని." తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, ఎప్పుడో ఆరిపోయిన చేతుల్ని. "కానీ ఆయనకి చెప్పడం రాదే. బాగా లాగింది అంటారు, అంతే."

వచ్చే స్ప్రింగ్, వచ్చే స్ప్రింగ్. ఒక ఏడు ఉషకి ఆటలమ్మ పోసింది. ఒక ఏడు గాలి. ఒక ఏడు మేనేజర్ పడవలో రెండే సీట్లు. ఇంకో ఏడు, "మగవాళ్ళంతా బీర్ తాగుతూ ఉంటారు శశీ, నీకు కంఫర్టబుల్‌గా ఉండదు." ఏ మాట కామాట, ప్రతిసారీ ఆయన ఆవిడ మంచికే చెప్తున్నాననుకునేవారు. ఎండలో మాడిపోతావు, నీకెందుకు శ్రమ. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నీకు కారుంది, లైసెన్సుంది, చేతినిండా ఎరలున్నాయి, ఒక్కదానివే వెళ్ళి ఒడ్డుమీంచి విసురు, నిన్నెవడాపాడు అని. ఒకసారి నేను కూడా వస్తానన్నాను, ముక్కు మూసుకునైనా సరే.

"ఆయన తీసుకెళ్తానన్నారుగా" అనేది. "నేనే వెళ్ళిపోతే ఆయనకి చిన్నతనంగా ఉంటుంది." మళ్ళీ, "అయినా చేపలున్నది మొద్దుల దగ్గర. ఒడ్డుమీంచి అందదు" అనేది. ఈ రెండో మాట మొదటి మాటని కప్పిపుచ్చడానికని నాకు తెలుసు. కానీ మార్చి వచ్చిందంటే ఆ కళ్ళు చూడాలి మీరు. కారు నడుపుతూ ప్రతి నీటిగుంట పక్కనా నెమ్మది చేసేది. రెడ్‌బడ్ పూసిందంటే ఫోన్ చేసి, "పూసింది ఆండాళ్" అనేది, అంతే. అవతల ఊపిరి వినపడేది. నాకు ఏడుపొచ్చేది, కోపంగా "సరేలే, పనుంది" అని పెట్టేసేదాన్ని.

ఎనభై ఆరు మొదట్లో చమురు ధర కుప్పకూలింది. జగన్మోహన్‌గారి కంపెనీలో సగం మందిని లేఆఫ్ చేశారు, అందులో ఈయనొకరు. నాలుగు వారాలు మనిషి గడ్డం గీసుకోలేదు. చివరికి న్యూజెర్సీలో ఒక టెలిఫోన్ కంపెనీలో కాంట్రాక్ట్ దొరికింది. పిస్కాటవేలో అపార్ట్‌మెంట్. ఏప్రిల్ నెలాఖరుకి సామాన్ల ట్రక్కు వస్తుంది.

ఆ ట్రక్కుకి రెండు వారాల ముందు జగన్మోహన్‌గారే అన్నారట, "శశీ, ఎన్నేళ్ళ నుంచో అనుకుంటున్నాం. శనివారం బోట్ రెంట్ చేస్తాను, వెళ్దాం పద." శశికళ ఫోన్ చేసి, "నువ్వు కూడా రావే" అంది.

"నేనెందుకే మధ్యలో? ఆ వాసనకి నాకు కడుపులో తిప్పుతుంది."

"నువ్వుంటే ఆయన అరవరు."

వెళ్ళాను. చీర మీద లైఫ్ జాకెట్ తొడుక్కుని, అల్యూమినియం పడవ మధ్య పలక మీద, గోవిందనామాలు చదువుకుంటూ. ముందు శశికళ, వెనక మోటారు దగ్గర జగన్మోహన్‌గారు. రెండు రోజుల కిందటే వాన పడింది. నీళ్ళు పాలు ఎక్కువైన కాఫీలా ఉన్నాయి. ఉదయం తొమ్మిదైనా చలి పోలేదు. శశికళ డబ్బా తెరిచింది. వంద ఎరల్లో చెయ్యి పెట్టి ఒక్కటి తీసింది. గుండ్రటి రాగి రేకు, చిలకపచ్చ కుచ్చు, నాలుగు తెల్ల పోగులు. డాటీ దగ్గర ఆఖరి రోజు తనకోసం కట్టుకున్నదట. జగన్మోహన్‌గారు దారం చుట్టే రీళ్ళలో బొత్తాం నొక్కి వదిలితే చాలు అనే సులువు రకం తెచ్చారు, ఆ మాటకి ఆయన్ని మెచ్చుకోవాలి.

గాలికి ఎదురుగా ఉన్న ఒక మలుపులో పడవ ఆపారు. నీళ్ళలోంచి నల్లటి మొద్దులు తలలెత్తి ఉన్నాయి. శశికళ మొదటి విసురు పడవ పక్కనే పడింది. రెండోది నా లైఫ్ జాకెట్ మీంచి పోయింది, నేను వేసిన కేకకి దూరంగా ఉన్న కొంగ లేచిపోయింది. ముగ్గురం నవ్వాం. మూడోదీ నాలుగోదీ కొంచెం నయం. అయిదోది, ఎలా కుదిరిందో, పెద్ద మొద్దుకి అవతల చప్పుడు లేకుండా వెళ్ళి పడింది.

నిదానంగా రీలు తిప్పడం మొదలెట్టింది.

"తెలుస్తోంది ఆండాళ్" అంది, వెనక్కి తిరక్కుండా. "రేకు కొట్టుకోవడం చేతికి తెలుస్తోంది. నాడి చూసినట్టుంది."

ఎర మొద్దుకి తగిలింది. ఆపింది. దారం కొంచెం జారింది, ఆగింది, పక్కకి నడిచింది. కర్ర వంగింది. మామూలుగా వంగడం కాదు, కొస నీళ్ళలోకి పోయింది.

శశికళ కేక వెయ్యలేదు. నేను పక్కనుంచి ఆవిడ మొహం చూశాను. అలాంటి మొహం నేను ఆవిడకి ఎప్పుడూ చూడలేదు. నోరు కొంచెం తెరుచుకుంది. ముప్పై ఏడేళ్ళ మనిషి, తొమ్మిదేళ్ళ పిల్లలా ఉంది. మోచేతులు రెండూ పక్కలకి ఆనించి తిప్పుతోంది, నెమ్మదిగా, ఎవరో నేర్పినట్టు. మొద్దు అవతల నీళ్ళు పగిలి ఇంత వీపు కనపడింది.

"పెద్దది! శశీ, పెద్దది! లూజ్ ఇవ్వకు!" జగన్మోహన్‌గారు లేచారు. పడవ ఊగింది. "తెంపుతావు, తెంపుతావు, ఇటివ్వు! ఇటివ్వు శశీ!" నా భుజం మీద చెయ్యేసి నన్ను దాటుకుని వచ్చి, కర్ర పట్టుకున్నారు.

శశికళ ఇచ్చేసింది.

అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆయన గుంజుకున్నారని అనలేను. బరువు సంచీ మొయ్యబోతుంటే అందుకున్నట్టు అందుకున్నారు. ఆవిడ కూడా అలవాటు కొద్దీ వేళ్ళు వదిలేసింది. వదిలాక తెలిసింది. ఖాళీ చేతులు రెండూ అలాగే గాల్లో పట్టుకుని నిలబడింది.

ఆయన చేపని పడవలోకి తెచ్చారు. అయిదు పౌన్లకి తక్కువుండదన్నారు. ఆనందం పట్టలేకపోతున్నారు, ఉద్యోగం పోయాక ఆ మనిషి మొహంలో వెలుగు చూడటం అదే మొదలు. "చూశావా శశీ! పట్టాం! అయిదు నిమిషాలు ఆలస్యమైతే దారాన్ని మొద్దుకి చుట్టేసేది. ఆండాళ్‌గారూ, కెమెరా, కెమెరా! శశీ, ఇలా రా, పక్కన నిలబడు."

నేను ఏదో అనబోయాను. శశికళ నా వంక చూసి వద్దన్నట్టు తలూపింది. ఫోటో తీశాను.

"గుడ్లతో ఉంది. వదిలేయండి" అంది శశికళ. ఆయన వదిలేశారు. అది నీళ్ళలోకి జారిపోతుంటే ఆవిడ వంగి చెయ్యి చాపింది, తోక తగులుతుందేమోనని. అందలేదు.

ఆయన వెంటనే కర్ర తిరిగిచ్చేశారు. "ఇదిగో, ఇప్పుడు నువ్వొకటి పట్టు." మనసులో ఏ మరకా లేదు. పదకొండింటికి గాలి దిశ మారింది. ఆవిడ విసిరింది, విసిరింది, విసిరింది. రేకు మార్చింది, రంగు మార్చింది. ఒంటిగంటైంది. అరచెయ్యి బొబ్బెక్కింది.

"అలిసిపోయావు శశీ, నీకెందుకు శ్రమ. కాసేపు ఇటివ్వు" అన్నారాయన.

"ఇవ్వను" అంది.

ఎనిమిదేళ్ళలో ఆవిడ ఆయనతో ఆ మాట అనడం నేను వినలేదు. ఆయన కూడా వినలేదేమో, తెల్లబోయి కూర్చున్నారు. పడవ తిరిగి అప్పగించాల్సిన వేళ దాటిపోతున్నా మోటారు జోలికి పోలేదు. మూడు గంటల దాకా విసురుతూనే ఉంది. ఒక్కటీ తగల్లేదు. రేవుకి వస్తూ కూడా కర్ర ఒళ్ళోనే పెట్టుకుంది.

తర్వాత ట్రక్కు వచ్చింది, వెళ్ళిపోయారు. పిస్కాటవేలో ఆవిడ ఒక బట్టల షాపులో ఆల్టరేషన్స్ చేస్తోంది. ఆయన ఉద్యోగం పర్మనెంట్ అయింది. శని ఆదివారాలు కూడా పనేనట, చేపల మాటే లేదట. వచ్చే స్ప్రింగ్ అని కూడా అనడం లేదట ఇప్పుడు.

నిన్న ఫోన్ చేశాను. ఉగాది సంచిక వాళ్ళకీ చేరింది. "ఫోటో చూశావా?" అన్నాను. "చూశాను. చేప బాగా పడింది" అంది. నేను అందుకున్నాను, సంపాదకుల్నీ, జగన్మోహన్‌గారినీ, శశికళ అన్నదమ్ముల్నీ, ఎవర్నీ వదల్లేదు. పాపం, అంతా విని, "ఆయన్నేమీ అనకే. నాకు సాయం చేశాననే ఇప్పటికీ అనుకుంటున్నారు" అంది.

ఇక్కడ రెడ్‌బడ్ పూసిందని చెప్పాలా వద్దా అని నేను ఆలోచిస్తున్నాను.

"ఆండాళ్, ఆ రోజు నేనెంతసేపు పట్టుకుని ఉంటానంటావు ఆ చేపని?" అంది ఉన్నట్టుండి.

అర నిమిషం కూడా ఉండదు. మొహమ్మీదే నిజం చెప్పేస్తానని నాకు పేరు. "అయిదు నిమిషాలుంటుందే" అన్నాను.

అవతల చిన్నగా నవ్వింది. "నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. చేప పట్టాక పదకొండు తిప్పులు తిప్పాను, లెక్కపెట్టుకున్నాను. పన్నెండోది ఆయన తిప్పారు."